అమ్మ తరఫున నేను చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు మా అమ్మ టీచరుగా పనిచేసేది. గొలుగొండ దాటాక కొండల కిందున్న ఒక పల్లెలో ఆమె బడి. నర్సీపట్నంలో పొద్దున్నే బస్సెక్కి, రోడ్డు మీద దిగి, అక్కణ్ణించి పొలం గట్ల వెంట నడిచి వెళ్లేది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అన్నిటికీ ఆమె ఒక్కతే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీర కుచ్చిళ్ల నిండా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉండేవి. అరుగు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే పీకుతూ, ఆ రోజు బడిలో ఎవరు ఏమన్నారో గుర్తుచేసుకుని తనలో తనే నవ్వుకునేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. అమ్మ సెలవు పెట్టింది. సెలవు అయిపోవచ్చేకొద్దీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాన్నకి మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు ఉండేది. ఉద్యోగం సంగతి ఎప్పుడొచ్చినా ఆయన "నీ ఇష్టం" అనేవారు. ఆ మాట అని, అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవారు. అమ్మ ఆ కంచం తీసి పెరట్లోకి పట్టుకెళ్లేది. మా నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. పసివాణ్ణి పగలంతా ఎత్తుకు తిరగడం ఆమె వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు నా మోకాళ్లు నొప్పెడుతుంటే ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

సోమవారం అమ్మ బడిలో చేరాలి, లేదా రాజీనామా రాసివ్వాలి. ముందురోజు ఆదివారం పొద్దున మాకవరపాలెం నుంచి మా పెదనాన్న వస్తున్నారని తెలిసింది. నాయనమ్మ నన్ను పెరట్లో కూర్చోబెట్టుకుని తలకి నూనె రాస్తూ మెల్లగా చెప్పింది.

"పెదనాన్న అడిగితే అమ్మ ఇంటికాడే ఉండాలని సెప్పు. తమ్ముడు ఏడుస్తున్నాడని కూడా సెప్పు. అప్పుడు మీ అమ్మ రోజూ నీకు జడేస్తాది. నువ్వు బడి నుంచొచ్చేసరికి ఇంటికాడే ఉంటాది."

ఆమె నాకు అబద్ధమేమీ నేర్పలేదు. నాకూ అదే కావాలి. మా వీధిలో పిల్లలందరి అమ్మలూ సాయంత్రం గుమ్మంలో ఉండేవారు. నేను మాత్రం అమ్మ వచ్చే బస్సు కోసం ఎదురుచూసేదాన్ని.

పెదనాన్న వచ్చారు. మరదలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. నాన్నతోనే చాలాసేపు మాట్లాడారు. నాన్న తల దించుకుని, "నేనేటీ వద్దన్లేదు అన్నయ్యా, దాని ఇష్టమే" అన్నారు. అమ్మ టీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఏదో చెప్పబోయినట్టు ఆమె పెదవి కదిలింది. ఈలోగా పెదనాన్న నన్ను పిలిచారు.

"ఇలాగ రామ్మా. పిల్లలు ఉన్నదున్నట్టు సెప్తారు. మీ అమ్మ బడికెళ్లాలా, ఇంటికాడుండాలా?"

నేను నాయనమ్మ వైపు చూశాను. అమ్మ వైపు చూడలేదు. అమ్మ ఇంటి దగ్గరే ఉండాలన్నాను. తమ్ముడు ఏడుస్తున్నాడన్నాను. పెదనాన్న పెద్దగా నవ్వి, "అయితే ఇంకేటి, తేలిపోయింది కదా" అన్నారు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

మధ్యాహ్నం రాజీనామా రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. సాయంత్రం నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చిక్కు తీసింది. జడ సగం అల్లాక అడిగింది, నాయనమ్మ సెప్పమందా అని. నేను తలూపాను. దెబ్బ పడుతుందనుకుని మెడ బిగించుకున్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "పోన్లే. నిన్నైనా అడిగారు" అంది. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

ఆ మాటకి అర్థం నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. కానీ ఏదో తప్పు చేశానని మాత్రం తెలిసింది. నేను కోరుకున్నది దొరికింది. అమ్మ రోజూ జడ వేసింది, సాయంత్రాలు గుమ్మంలో నిలబడింది. బడి కబుర్లు చెప్పి నవ్వుకోవడం మాత్రం ఆగిపోయింది.

కొన్ని నెలల తర్వాత అమ్మతో బజారుకి వెళ్లాను. ఆ పల్లె నుంచి పనసపండ్లు అమ్ముకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అమ్మను గుర్తుపట్టి ఎదురొచ్చారు. "టీసరమ్మా, ఎప్పుడొస్తారండీ? బడికి తాళమేసున్నాది. పిల్లలు గొడ్లెంట పోతన్నారు" అన్నారు. అమ్మ "వస్తానమ్మా, బేగినే వస్తాను" అంది. అమ్మ అబద్ధమాడగా నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత బజారు పని నాన్నే చూసుకున్నారు. అమ్మ అటువైపు వెళ్లలేదు.

నిరుడు మా కోడలికి పాప పుట్టింది. ఆ అమ్మాయిది బ్యాంకు ఉద్యోగం. సెలవు అయిపోతుంటే వాళ్ల పుట్టింటివాళ్లు ఒకటి చెప్పారు, మా చుట్టాలు ఇంకొకటి చెప్పారు. మా అబ్బాయి "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట విని నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. కాసేపటికి కోడలు నా వెనకే వచ్చి, "మీరేటంటారు అత్తయ్యా?" అంది. నేనేమీ అననని, తనకేం కావాలో చెప్పమని అడిగాను. నేను పొయ్యి ఆపేసి అక్కడే కూర్చున్నాను. చివరికి, రెండేళ్లు పాపతో ఉండి తర్వాత వెళ్తానంది. చెప్తూ ఏడ్చింది. చదివించిన అమ్మానాన్నలు ఏమనుకుంటారోనని భయపడి ఇన్నాళ్లూ నోరు విప్పలేదట. బ్యాంకులో పైవాళ్లకి చెప్పి ఆ సెలవు ఇప్పించేదాకా మా అబ్బాయిని తిప్పాను.

అందరూ నన్ను మంచి అత్తగారినంటారు. ఆ మాట వింటే నాకు సిగ్గుగా ఉంటుంది. అమ్మ పోయి పదేళ్లు దాటింది. ఆ ఆదివారం తర్వాత ఆమె నలభై ఏళ్ల పైనే బతికింది. నేను పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, ప్రతి వేసవికీ ఆమె దగ్గర కూర్చుని లోకంలో ఉన్నవన్నీ మాట్లాడాను. గుమ్మంలో పళ్లెం పట్టుకుని ఆ రోజు ఏం చెప్పబోయిందో ఒక్కసారీ అడగలేదు. బడికే వెళ్తానని ఉండేదేమో. ఇంట్లో ఉంటాననే అనేదేమో. నాకు తెలియదు. నాన్న, పెదనాన్న, నాయనమ్మ అడగలేదని ఇన్నేళ్లూ వాళ్లనే తప్పుపట్టాను. నేనూ అడగలేదు.