పైనా కిందా కోసిన బొమ్మ

వరాఛాలో మా ఇంటి కింద నూడుల్స్ బండివాడు వెనిగర్ సీసా మూత తీశాడంటే నాకు లింగం కాకా గుర్తొస్తాడు. పాత ఫిల్ము పాడయ్యేటప్పుడు అచ్చం అదే వాసన వేస్తుంది. సలాబత్‌పురాలో చీరల గోదాము మీది అంతస్తులో, పాత సినిమాలు బాగుచేసి డిస్కులకెక్కించే చిన్న ల్యాబు ఆయనది. కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి ఈ గుజరాతీ ఊరికొచ్చి, తర్వాత థియేటర్లో ప్రొజెక్టర్ నడిపి, చివరికి అందులో స్థిరపడ్డాడు. మా నాన్నతో ఒకే కార్ఖానాలో పనిచేసిన చనువుతో నన్ను చేర్చుకున్నాడు. నా తెలుగులో సగం గుజరాతీయేనని ఆటపట్టించేవాడు. పని దగ్గర మాత్రం వేళాకోళం ఉండేది కాదు.

ఒకసారి ఓ కంపెనీవాళ్ళు పిల్లల పాత కార్టూన్ సినిమా తెచ్చారు. ఆ కాలపు బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీ తెర అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. ఉన్నదున్నట్టు పెడితే రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగులుతుంది. చూసేవాళ్ళు టీవీ పాడైందనుకుంటారు, తెర నిండాల్సిందే అన్నారు. అంటే బొమ్మను తెర వెడల్పుకు పెంచి, పైనా కిందా కోయాలి. కోస్తే పోయేదేముందని నేనూ వాళ్ళకే వంత పాడాను. కాకా నన్ను కిటికీ దగ్గరికి పిలిచి ఫిల్ము ముక్కను వెలుతురుకు పట్టాడు.

"జర చూడు బిడ్డా. గీ గడ్డిపోచ గూడ ఒకడు కూసొని గీసిండు. చీర అంచు కత్తిరించిస్తే గిరాకీ ఊకుంటడా?"

కంపెనీవాళ్ళు వినలేదు. కాకా ఫోన్లు చేశాడు, బతిమాలాడు. అంతలో గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరాడు. ఈ పని చేజారితే ల్యాబు మూతపడుతుందని భయపడి, ఆయనకు చెప్పకుండా కోసి ఇచ్చేశాను. అంతటితో ఆగినా బాగుండేది. కంప్యూటర్లో చోటు చాలక, పూర్తి బొమ్మ ఉన్న ఫైలు చెరిపేశాను. కంపెనీవాళ్ళ దగ్గర రీళ్ళున్నాయి కదా, మళ్ళీ ఎక్కించుకోవచ్చు అనుకున్నాను. నెల తిరిగేసరికి రీళ్ళు కుళ్ళిపోయాయని వాళ్ళు పారేశారు. ఇంకో ప్రింటు ఎక్కడా దొరకలేదు.

కాకా ఇంటికొచ్చాక నిజం చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నా మనసు కాస్త తేలికయ్యేది. డిస్కు పెట్టమని, మంచం మీద కూర్చుని చూశాడు. ముసలమ్మ ఆకాశం వైపు చెయ్యెత్తే చోట ఆపమన్నాడు. ఆమె చెయ్యి మణికట్టు దాకానే ఉంది.

"గా పైన పిట్ట ఉండె గదా. దాని నోట్ల ఏముండె?"

గింజో, పుల్లో. ఆ బొమ్మ మీద మరకలన్నీ తుడిచింది నేనే, అయినా ఎంత ఆలోచించినా తట్టలేదు.

"యాదికొస్తలేదు కాకా."

"నాక్గూడ," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ చలికాలమే పోయాడు. ఇప్పుడు ల్యాబు నేను నడుపుతున్నాను. పూర్తి బొమ్మను రెండు చోట్ల భద్రపరచనిదే పని మొదలుపెట్టను, కోయమన్నవాళ్ళను పంపించేస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా పట్టుదలను జనం మెచ్చుకుంటుంటే తలెత్తబుద్ధి కాదు. ఎవరో కూర్చుని గీసిన ఆ పిట్టను చివరిసారి చూసింది నేను. సరిగ్గా చూడకుండానే చెరిపేశాను.