గుంట మన్ను

ఇల్లు కొనేటప్పుడు ఏం చూడాలి? వాకిలి ఏ దిక్కున ఉంది, బావిలో నీళ్ళు ఉప్పనా తియ్యనా, పక్కింటివాళ్ళు మంచివాళ్ళా నోటిదురుసువాళ్ళా, అందరూ చెప్పేవి ఇవే. ఎమ్మిగనూరులో మా అమ్మను అడిగితే మాత్రం ఒక్కమాటే చెప్పేది. "కాళ్ళు దించి సూసుకోవల్ల." అడిగినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. ఆమె విడమరిచి చెప్పే రకం కాదు. అందుకని నేను చెబుతున్నాను.

మాది నేతపని. నడింట్లో నేల తవ్వి, ఆ గుంట అంచున కూచుని, కాళ్ళు లోపలికి వేలాడేసి పలకలు తొక్కుతూ నేసే మగ్గం మాది. బాడుగ ఇంట్లో చేరిన రోజే గుంట తీసుకుంటాం. ఖాళీ చేసే రోజు దాన్ని పూడ్చి, దిమ్మిస కొట్టి, పేడతో అలికి, ఏమీ జరగనట్టు ఇల్లు అప్పజెప్పాలి. అందుకే తీసిన మన్నును అమ్మ పారేసేది కాదు. పెరట్లో కుప్పపోసి, వానకు కొట్టుకుపోకుండా పాత చాప కప్పేది. కోళ్ళు కెలికితే కోళ్ళకు తిట్లు, నేను ఎక్కి ఆడితే నాకు తిట్లు. "నా సంసారమంతా గుంటలు తీసేదానికీ పూడ్సేదానికే సరిపాయ" అని విసుక్కునేది.

కర్నూలు రాజధాని అయిందని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటున్న రోజులవి. అప్పుడు మేమున్న ఇల్లు పల్లంలో ఉండేది. వానాకాలంలో గుంట అడుగున చెమ్మ ఊరేది. నాయన గోనెసంచులు పరిచి వాటిమీద కాళ్ళు పెట్టి నేసేవాడు. సాయంత్రానికి మోకాళ్ళు వాచి, గోడ పట్టుకుని లేచేవాడు. అలా లేచేటప్పుడు ఆయన పళ్ళ మధ్య అణిచిన మూలుగు నాకిప్పటికీ వినబడుతుంది. ఇంకా కొన్నాళ్ళు అదే గుంటలో కూచుంటే ఆయన మగ్గం ఎక్కలేడని అమ్మ భయం. నాయనకూ తెలుసు గానీ ఒప్పుకునేవాడు కాదు.

పెద్దకడుబూరులో నాయన వాటాకొచ్చిన చేను అమ్మాక మా ఇంట్లో సొంతిల్లు అన్న మాట మొదలైంది. పక్క వీధిలోనే ఒక మట్టి మిద్దె అమ్మకానికి వచ్చింది. గింజల వ్యాపారం మానుకుని ఆదోనిలో కూతురి దగ్గరికి పోతున్న ఒక పెద్దాయనది. నడింటి పైన వెలుతురుకు గవాచి ఉంది, దాని కింద మగ్గం పెడితే పొద్దుగూకేదాకా పోగు కనబడుతుంది. ముందు వీధి తిన్నగా ఉంది, పడుగు సాచి గంజి పెట్టుకోవచ్చు. నాయన మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడే తాంబూలాలు మార్చుకుందామన్నాడు.

"వాన పడనీ. అప్పుడొచ్చి మళ్ళా సూస్తాం" అంది అమ్మ.

పెద్దాయన పడీపడీ నవ్వాడు. "వాన కోసరం కాసుకోని ఇల్లు కొంటావా తల్లీ? మన సీమలోనా? అంతలోకి నా మనవని పెండ్లి కూడా అయిపోతాది."

నాయనకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఒక్కమాటే అన్నాడు. "ఆ ఇల్లు ఎవురన్నా ఎత్తుకపోతే, నువ్వు నీ వానతోనే కాపురం జేయి."

వాన రాలేదు. మబ్బు పట్టేది, ఊరించేది, అటే పోయేది. సేద్యగాళ్ళు విత్తనం కోసం ఆకాశం చూస్తుంటే మా అమ్మ ఇంటి కోసం చూసేది. ఆ ఇంటిని ఇంకెవరో వచ్చి చూసిపోయారని తెలిసిన రోజు నాయన అన్నం సగంలో వదిలేసి లేచాడు.

చివరికి ఒక సాయంత్రం వాన పట్టుకుంది, తెల్లారినా వదల్లేదు. మా ఇల్లు కారుతుంటే దాని ఖర్మానికి దాన్ని వదిలేసి అమ్మ పార, గంప పట్టుకుని బయలుదేరింది. వెనక నేను, నా వెనక కుంటుతూ నాయన.

"పారెందుకు తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"నడింట్లో గుంట తీసి సూస్తా అప్పా."

ఆయన మొహం మాడిపోయింది. గుంట అంటే మాకొకటి, లోకానికింకొకటి. "గుంట తీసేది సచ్చినోళ్ళకి. నేనింకా బతికుండంగనే, దీపం పెట్టే ఇంట్లో గుంట తీస్తావా?"

"పోదాం పద" అని నాయన పార లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు.

"నీకు గుంటంటే సావప్పా. మాకు అదే కూడు. ఆయప్ప కాళ్ళు సూడు."

నీళ్ళలో నడిచి రావడంతో నాయన పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. పెద్దాయన ఆ కాళ్ళ వైపు చూశాడు. నాయన సిగ్గుపడి పంచె దించుకున్నాడు.

"నచ్చకపోతే నా సేతుల్తో నేనే పూడ్సి, అలికి పోతా" అంది అమ్మ. "పూడ్సేది నాకు బాగా వచ్చు."

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ముందు పసుపు కుంకుమ ఎయ్యి, ఆనెంక తవ్వు" అని, చూడలేక వానలోనే వీధిలోకి పోయి నిలబడ్డాడు.

అమ్మ తవ్వింది, నేను మన్ను ఎత్తి పెరట్లో పోశాను. కింద ఎర్ర గరుసు నేల తగిలింది. ఆ రోజు ఆమె ఔననలేదు, కాదనలేదు. మర్నాడు, వాన ఇంకా పడుతుండగానే, మళ్ళీ పోయి నాయన కూచున్నట్టే అంచున కూచుని కాళ్ళు దించింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత కాళ్ళు పైకి తీసి అరికాళ్ళు మాకు చూపించింది. అంటుకున్న మన్ను చేత్తో తడితే పొడిపొడిగా రాలింది.

"పోయి తమలపాకులు తేపో" అంది నాయనతో.

ఆ ఇంటికి గోనెసంచులు తీసుకుపోలేదు. ఆ తర్వాతి వానాకాలం నాయన గోడ పట్టుకోకుండా మగ్గం మీంచి లేచాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ప్రతి సాయంత్రం చూస్తూనే ఉండేది.

ఒకరోజు పెరట్లో మన్ను కుప్ప మీంచి కోళ్ళను అదిలిస్తున్న ఆమెను చూసి నాయన అడిగాడు. "ఆ మన్ను ఇంకా యాల దాసిపెట్టినావు?"

"మళ్ళా పూడ్సేటప్పుడు..." అని అమ్మ ఆగిపోయింది.

ఎవరికి పూడ్చివ్వాలి? చాప కొస చేతిలో పట్టుకుని అలాగే కుప్ప పక్కన కూలబడి బావురుమంది. నేను హడలిపోయాను. నాయన పోయి పార, గంప తెచ్చుకున్నాడు.

ఆ మన్నుతోనే మా వాకిలి ముందు అరుగు వేశారు. దానిమీద నేనెంత ఎగిరినా అమ్మ ఏనాడూ తిట్టలేదు.