లంగరేసిన ఓడలో ఆడిన ఆట

పోయిన నెలలో ఒక ఆదివారం మా అల్లుడు భోజనానికి వచ్చినప్పుడు, పదవీ విరమణ చేసిన మనిషికి ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా అంటూ, నా ల్యాప్‌టాప్‌లో ఆటలు అమ్మే ఒక దుకాణం తెరిచి చూపించాడు. దుకాణమంటే తలుపులూ గల్లాపెట్టే ఉండేది కాదు. ఇంట్లో కూర్చుని బొమ్మ మీద నొక్కితే ఫోన్లోంచి డబ్బు వెళ్ళిపోతుంది, ఆట వచ్చి కంప్యూటర్లో దిగుతుంది. కొత్త ఆటలన్నీ దాటుకుంటూ పోతే అట్టడుగున పాత ఆటలకు ప్రత్యేకంగా ఒక అర ఉంది. మానిటర్ అంటే బియ్యం డబ్బా అంత ఉండే రోజుల్లో మన వయసువాళ్ళు ఆడినవే, ఇప్పటి యంత్రాల్లో నడిచేలా సరిచేసి మళ్ళీ అమ్ముతున్నారు. ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే కిందికి జరుపుతున్న నా వేలు ఒకచోట ఆగిపోయింది. పచ్చటి దీవి, ఒడ్డున తెరచాప ఓడ, ఓడలోంచి మూటలు దింపుకుంటున్న చిన్నచిన్న మనుషులు.

అల్లుడు ఏదో అడుగుతూనే ఉన్నాడు గానీ నేను దాన్ని కొనేశాను. అతను వెళ్ళిపోయాక ఆట మొదలుపెడితే, ఆ పాత సంగీతం వినిపించగానే నా చెయ్యి నాకు తెలియకుండానే బనీను అంచు పట్టుకుంది. ఒకప్పుడు ఈ ఆట పెట్టేముందు గీతలు పడ్డ సీడీని తుడిచినట్టు తుడవడానికి. ఇప్పుడు సీడీ లేదు, గీతలు లేవు, తుడిచే పనీ లేదు. అయినా ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

నేను ఓడల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో మేము బొగ్గు తీసుకుని మన విశాఖపట్నానికే వచ్చాం. సొంత ఊరికి పనిచేస్తున్న ఓడలోనే రావడం మా వృత్తిలో అరుదైన అదృష్టం కనుక, గోపాలపట్నంలో ఉన్న మా ఆవిడకు వారంలోగా ఇంట్లో ఉంటానని ముందే కబురు పెట్టాను. బొగ్గు దింపడం అయితే అయింది గానీ, సరిగ్గా అప్పుడే ఆ ఓడ నాదంటే నాదని ఎక్కడో దూరదేశాల్లో ఉన్న ఇద్దరు యజమానులు కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా ఓడ కదలకూడదన్నారు. రేవులో చోటు ఖాళీ చేయించి, మమ్మల్ని బయటి సముద్రంలో లంగరు వేసుకోమన్నారు. మేము దిగాలంటే మా బదులు వేరే మనుషులు రావాలి, ఆ మనుషుల్ని యజమాని పంపాలి, ఆ యజమాని ఎవరో కోర్టు తేల్చాలి. అంతవరకు ఓడను వదిలి వెళ్ళేందుకు చట్టం ఒప్పుకోదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియని చిక్కు అది.

పరాయి దేశపు సముద్రంలో అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. మాకు ఎదురుగా యారాడ కొండ, దాని మీద దీపస్తంభం, పొద్దు వాలితే బీచిరోడ్డు పొడుగునా దీపాలు. గాలి అటునుంచి వీస్తే రేవులో రైలింజన్ల కూత కూడా వినిపించేది. కెప్టెన్ దగ్గరున్న ఒక్క ఫోన్లో వారానికోసారి ఇంటికి మాట్లాడనిచ్చేవారు. ఒకసారి మా ఆవిడ బీచికి వచ్చాననీ, సముద్రంలో బోలెడు ఓడలు వెలుగుతున్నాయనీ, అందులో మీదేదో తెలియలేదనీ చెప్పింది. డీజిలు అయిపోతుందని మేము జనరేటరును సాయంత్రం కాసేపే నడిపేవాళ్ళం కనుక, అన్నిటికంటే ముందు ఏ ఓడ దీపాలు ఆరిపోతాయో అదే మాదని చెప్పాను. మరుసటి వారం ఫోన్ చేస్తే, ఆరిపోయేదాకా నిలబడి చూశానని మాత్రం అంది.

ఆ దీపాలు వెలిగే కాసేపూ మేమందరం భోజనాల గదిలో చేరేవాళ్ళం. అక్కడ ఒక పాత కంప్యూటరు, అంతకు ముందు పనిచేసి దిగిపోయిన ఎవరో వదిలేసిన ఒకే ఒక ఆట సీడీ. ఆ ఆటలో ఓడ దిగి దీవి మీద ఊరు కట్టాలి. బావులు తవ్వాలి, పొలాలు వెయ్యాలి, గిడ్డంగులు నింపాలి. పదిహేనుమందికి కలిపి ఒకటే ఊరు. వంటాయన శ్రీకాకుళం వైపు రైతు కుటుంబంవాడు కావడంతో, నీళ్ళు చూసుకోకుండా పొలం వేస్తే ఊరుకునేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆ మనుషుల మొహాలు చూసీ చూసీ నాకు పగలంతా విసుగుగా ఉండేది. ఒకడు తినే చప్పుడు, ఇంకొకడు దగ్గే తీరు, కెప్టెన్ రోజూ చెప్పే ఒకే మాట, ఏదీ భరించలేకపోయేవాణ్ణి. చేపలు పట్టుకునే గాలం దారం కోసం ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాకా వచ్చారు. కానీ ఆ తెర వెలిగాక, రేపు బావి ఎక్కడ తవ్వాలన్న దాని గురించి అందరం ఒకే ఇంటివాళ్ళలా వాదించుకునేవాళ్ళం.

మాలో ఒక ఆయిలర్ ఉండేవాడు. ఇంజిన్ రూములో యంత్రాలకు నూనె పెట్టే పని. పెళ్ళయి ఏడాది తిరగని కుర్రాడు. మన ఊరి ఒడ్డునే ఉన్న జాలరిపేటవాడు. వాళ్ళ అన్న పడవ వేటకు వెళ్తూ వస్తూ మా పక్కగా వచ్చి తాడుతో కూరగాయలో చేపలో అందిస్తూ ఉండేది. ఇంత పెద్ద ఇనుప ఓడ కడుపును ఆ చిన్న ఫైబరు పడవ నింపింది. అతను నన్ను మొదటిరోజు నుంచీ బావా అనేవాడు. ఆటలో మటుకు చాలా మొండివాడు. తన వంతు వచ్చిందంటే ఇళ్ళన్నీ సముద్రం ఒడ్డునే కట్టేవాడు. ఆటలో తుఫాను వచ్చి వాటిని ఊడ్చుకుపోయేది. మళ్ళీ అక్కడే కట్టేవాడు. కొండ మీద కట్టరా అని అందరూ తిడితే, "సముద్రం కనపడకపోతే మనిసి నిద్దరెలాగ పోతాడు బావా?" అని నాతో అనేవాడు.

ఒక తెల్లవారుజామున వాళ్ళ అన్న పడవ మామూలు కంటే ముందే వచ్చింది. కిందనుంచి గట్టిగా కేకేశాడు.

"ఒరే, నీ పెళ్ళానికి నొప్పులొచ్చీసినాయి. ఆస్పత్రిలో ఎట్టినాం. బేగి దిగు!"

ఆయిలర్ నా వైపు చూశాడు. ఇద్దరం కెప్టెన్ దగ్గరకు వెళ్ళాం. ఆయన మలయాళీ, వయసు మళ్ళినవాడు, చెడ్డవాడు కాడు. దిగడానికి అనుమతి ఇచ్చే అధికారం తనకు లేదనీ, దిగినవాణ్ణి ఓడ వదిలి పారిపోయినవాడిగా రాసుకోక తప్పదనీ, అప్పుడతనికి ఇంకెక్కడా పని దొరకకపోవచ్చనీ మెల్లగా చెప్పాడు. చెప్పి, ఇంకేమీ అడక్కుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ఎందుకు వేసుకున్నాడో మా ఇద్దరికీ అర్థమైంది.

తాడు నిచ్చెన నేనే దించాను. ఆ రోజు అలలు పెద్దవిగా ఉన్నాయి. పడవ ఒకసారి మా కాళ్ళ దాకా లేచినట్టే లేచి, మరుక్షణం పాతాళంలోకి జారిపోతోంది. పడవ పైకి లేచే సమయం కోసం నిచ్చెన చివరి మెట్టు మీద అతను వేలాడుతూ ఎదురుచూస్తుంటే, నేను పైనుంచి నిచ్చెన తాళ్ళు రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. వాళ్ళ అన్న "ఇప్పుడు!" అని అరిచాడు. అతను వదిలేశాడు. వలల మీద పడి, లేచి, నవ్వాడు. అప్పుడు వాళ్ళ అన్న తల పైకెత్తి, "నువ్వూ వచ్చీ బావా. జాగా ఉంది" అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో. ఆటోవాడు ఇంకొక మనిషికి చోటుందన్నట్టు. ఎదురుగా కొండ మీద ఎండ పడుతోంది. మధ్యాహ్నానికల్లా మా ఇంట్లో నేల మీద కూర్చుని అన్నం తింటూ ఉండవచ్చు. నా ఒక కాలు ఓడ అంచు కమ్మీ దాటింది కూడా. కానీ మా పై ఇంజనీరు నడుం పట్టేసి మంచం మీదే ఉన్నాడు. నేను దిగిపోతే ఆ సాయంత్రం జనరేటరు నడిపేవాడు లేడు. ఆ కారణం నిజమే. అయితే కింద ఓడకూ పడవకూ మధ్య తెరుచుకుని మూసుకుంటున్న ఆ నీటి సందును చూసి నాకు భయం వేసిందన్నదీ అంతే నిజం. నన్ను ఆపినది ఆ రెండింటిలో ఏదో ఇప్పటికీ తేల్చుకోలేను. కాలు వెనక్కి తీసుకుని నిచ్చెన పైకి లాగేశాను.

అతను వెళ్ళాక భోజనాల గదిలో మాటలు తగ్గిపోయాయి. అందరికీ అతని మీద అసూయే. బయటపడ్డాడు అని ఒకరు, బతుకు చెడగొట్టుకున్నాడు అని ఇంకొకరు. కొన్నాళ్ళు కంప్యూటరు దగ్గరికే ఎవరూ పోలేదు. తరువాత వంటాయనే కూర్చుని, అతను ఒడ్డున కట్టిన ఇళ్ళన్నీ పడగొట్టి కొండ మీద కట్టించాడు. ఊరు బాగుపడింది. ఎవరికీ సంతోషం కలగలేదు.

పక్షం రోజులు గడిచాక అదే పడవ వచ్చింది. కూరగాయల కోసం తాడు వదిలితే, కిందనుంచి నిచ్చెన వెయ్యమన్నారు. అతనే! భుజాన ఒక సంచీ, అందులో వాళ్ళమ్మ పంపిన చేపల పులుసు డబ్బా. ఎక్కి వచ్చి, ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. "నీకు మతిపోయిందేటిరా? బయటపడినోడివి మళ్ళీ ఎందుకొచ్చినావు?" అని అరిచాను.

"నా సీడీసీ కెప్టెన్ కాడే ఉండిపోయింది గదా బావా. అది నేకపోతే రేపు ఏ ఓడెక్కుతాను?"

సీడీసీ అంటే ఓడ పనివాడి గుర్తింపు పుస్తకం. అతను చెప్పింది సబబే. అయినా దాని కోసం అన్ననో మరొకరినో పంపి బతిమాలించుకోవచ్చు. నేను నమ్మలేదని తెలిసినట్టుంది, డబ్బా మూత తీస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇంటి అరుగు మీద కూకుంటే ఈ ఓడ దీపాలారిపోడం కనపడతాది. అది సూసినాక ఇంకేటి పడుకుంటాను."

కెప్టెన్ అతన్ని పిలిచి, ఒంట్లో ఎలా ఉంది, జ్వరం తగ్గిందా అని అడిగాడు. మా అందరి ముందూ అడిగాడు. ఇన్నాళ్ళూ ఆయన రాసే ఓడ దినచర్య పుస్తకంలో అతను జ్వరంతో గదిలో పడుకునే ఉన్నాడన్నమాట. ఆ సాయంత్రం అన్నాలు కాకముందే అతను కంప్యూటరు ముందు కూర్చుని, కొండ మీది ఇళ్ళు చూసి, వంటాయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఆ గదిలో మళ్ళీ నవ్వులు వినడం నాకు గుర్తుంది.

వానాకాలం దాటాక తీర్పు వచ్చింది. టగ్గు బోటు వచ్చి ఓడను రేవులోకి లాక్కొచ్చింది. ఓడ నుంచి రేవు గట్టుకు వేసిన గ్యాంగ్‌వే మెట్ల మీదుగా ఒక్కొక్కరం పెట్టె మోసుకుని దిగాం. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు, మళ్ళీ కలుద్దామనీ అనుకోలేదు. ఒకరి నుంచి ఒకరం పారిపోతున్నట్టే పోయాం. ఇంటికి వచ్చాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. తరువాత ఎన్నో ఓడలు ఎక్కాను. అతను మాత్రం ఇంకే ఓడా ఎక్కలేదు. దాని కోసమే తిరిగి వచ్చానన్న ఆ పుస్తకాన్ని ఏం చేశాడో నేనూ అడగలేదు. అన్నతోపాటు వేటకే వెళ్ళిపోయాడు.

ఆట కొన్న మర్నాడు అతనికి ఫోన్ చేశాను. ఆ రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు నర్సుగా పనిచేస్తోందని చెప్పాడు. ఆట సంగతి చెబితే పెద్దగా నవ్వాడు.

"ఇంకా అదేటి బావా! ఇప్పుడు నిన్నెవులు ఆపినారు? వేట నిషేధం గదా, బోట్లన్నీ హార్బర్లో కట్టీసినాం. నాను ఇక్కడే ఉంటన్నాను. ఇలాగ వచ్చీ, కూకుందాం."

రేపే వస్తానన్నాను. ఆ మాట అని చాలా రోజులైంది. ఒకరోజు ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను, ఒకరోజు మోకాలు నొప్పి అనుకున్నాను, ఒకరోజు ఏ కారణమూ అనుకోలేదు. పొద్దున్నే కాఫీ తాగి ల్యాప్‌టాప్ తెరుస్తాను. ఆట ఎక్కడా ఆగదు, డీజిలు అయిపోదు, నా వెనక నిలబడి బావి అక్కడ కాదు ఇక్కడ అనేవాడు లేడు. గిడ్డంగులు నిండాయి, ఊరు పెరిగింది. అది విసుగు పుడితే దుకాణంలో ఇంకో పాత ఆట కొంటాను. కొని తెరవనివే చాలా పోగయ్యాయి. మా ఆవిడ వంటింట్లోంచి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ ఉంటుంది. ఈ మధ్య మేమిద్దరం బీచికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు.

మన తరంవాళ్ళం చాలా చోట్ల ఇరుక్కుని, ఎలాగో బయటపడి వచ్చినవాళ్ళం. అప్పుడు ఎవరు ఆపారో వేలు పెట్టి చూపించగలిగేవాళ్ళం. కోర్టు అనో, కెప్టెన్ అనో, సముద్రం అనో. ఈ గదికి గొళ్ళెం కూడా లేదు. హార్బరు వైపు వెళ్ళే బస్సు మా వీధి చివరే ఆగుతుంది. కండక్టరు తలుపు దగ్గర నిలబడి పిలిచే పిలుపు ఈ కుర్చీలోకి వినిపిస్తూనే ఉంటుంది.