విమానంలో అమ్మ గొలుసు వెతికిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా యార్డులో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే వాళ్లను ఏడిపించడంలో నేనే ముందుంటాను. ఒకసారి షెడ్డు చివర ఆగి ఉన్న పాత బోగీలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని మావాళ్లు అటువైపు వెళ్లడమే మానేశారు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి, ఆ బోగీలోనే కూర్చుని అన్నం తిని వచ్చాను. గాలికి తలుపు ఊగి కీచుమంటోంది, అంతే. రెండు చుక్కల నూనె వేశాక ఆవిడ ఏడుపు మానేసింది.

మేముండేది లాలాగూడలో. నాది రైల్వే ఉద్యోగం. బండి వచ్చి ఆగగానే పక్కన నడుచుకుంటూ పోయి చక్రాలనూ బోల్టులనూ సుత్తితో కొట్టి చూసే పని చాలా ఏళ్లు చేశాను. మంచి ఇనుము ఖంగుమంటుంది, పగులుంటే మొద్దుగా పలుకుతుంది. కళ్లకు కనపడని పగులు చెవికి దొరికిపోతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది ఒక చప్పుడు గురించి. చప్పుళ్ల విషయంలో నా చెవి మీద నాకు గురి ఉంది.

మా నాన్న కూడా రైల్వేనే. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పాసు మీద అమ్మను దేశమంతా తిప్పాడు. అయితే రైల్లో ఆయన కుదురుగా కూర్చున్నది తక్కువ. బండి ఎక్కడ ఆగితే అక్కడ స్టీలు సీసా పట్టుకుని దిగేవాడు. కొన్న నీళ్లు తాగేవాడు కాదు, స్టేషను పంపు దగ్గర పట్టిన నీళ్లే ఆయనకు రుచి. బండి కదిలాక ఏ తలుపు అందితే ఆ తలుపు పట్టుకుని ఎక్కేవాడు. తర్వాత బోగీలన్నీ దాటుకుంటూ తీరిగ్గా నడిచొచ్చేవాడు.

పెళ్లయిన కొత్తలో అమ్మ దీనికి భయపడి, బోగీ అంతా వినేలా ఏడ్చిందట. అప్పుడు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నాన్న మధ్యవేలికి ఇనుప ఉంగరం ఉండేది, శని కోసం పెట్టుకున్నది. బండి ఎక్కబోయే ముందు అమ్మ కూర్చున్న కిటికీ దగ్గరకు వచ్చి, ఊచల మీద ఆ ఉంగరంతో మూడుసార్లు కొట్టేవాడు. టక్ టక్... కాసేపాగి, టక్. నేను ఎక్కుతున్నాను, గాబరాపడకు అని దాని అర్థం. ఆ మూడు దెబ్బలు వినపడితే అమ్మ తిరగేసిన పత్రిక మళ్లీ తెరిచేది. ఏసీ బోగీ అయితే అద్దం మూసి ఉంటుంది, కొట్టేందుకు ఊచలుండవని నాన్న ఎప్పుడూ స్లీపరే తీసుకునేవాడు. చిన్నప్పుడు నేనూ ఆ చప్పుడు వింటూనే ప్రయాణాలు చేశాను.

నాలుగేళ్ల కింద వాళ్లిద్దరూ ఢిల్లీలో ఉండే మా చిన్నమ్మ దగ్గరికి బయలుదేరారు. చిన్నమ్మ అంటే అమ్మ సొంత చెల్లెలు, అమ్మకు మిగిలిన ఒక్క తోబుట్టువు. దారిలో ఒక చిన్న స్టేషనులో మిట్టమధ్యాహ్నం బండి ఆగింది. నాన్న సీసా తీసుకుని దిగాడు. బండి కదిలింది. ఊచల మీద చప్పుడు రాలేదు.

అమ్మ గొలుసు లాగలేదు. గొలుసు లాగేవాళ్లంటే నాన్నకు ఒళ్లుమంట. బండిని ఆపేవాడు వెయ్యిమంది టైము దొంగిలిస్తాడని తిడుతుండేవాడు. రైల్వే ఇంటి మనుషులు గొలుసు ముట్టుకోకూడదు, అది మా ఇంట్లో పట్టింపు. ఎవరితోనో ముచ్చట్లలో పడి కొట్టడం మరిచిపోయి ఉంటాడనుకుని అమ్మ అలాగే కూర్చుంది. గంట తర్వాత టీసీ వచ్చి అమ్మ పేరు అడిగాడు. నాన్న ఆ స్టేషనులోనే, నీళ్ల పంపు దగ్గర కుప్పకూలిపోయాడు. గుండె ఆగిపోయింది. సీసా మూత కూడా తీయలేదట.

గొలుసు లాగి ఉన్నా ఏమీ జరిగేది కాదని డాక్టరు నాతో చెప్పాడు. ఆ మాట అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అమ్మ వినేది, తలూపేది, నమ్మేది కాదు. ఆ తర్వాత ఆమె రైలెక్కలేదు. బోయిగూడలో పెళ్లికి పిలిస్తే ఆటోలో పోయి అక్షింతలు వేసి వచ్చేసింది, అంతకంటే దూరం కదల్లేదు. మా ఇంటికి బండ్ల కూత వినపడుతుంది. కూత వినపడినప్పుడల్లా అమ్మ చేతిలో పని ఆపి, అయిపోయాక మళ్లీ మొదలుపెట్టేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

పోయిన ఏడాది ఒక ఉదయం ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. చిన్నమ్మకు గుండె ఆపరేషను, మర్నాడు పొద్దున్నే. థియేటరుకు పోయే ముందు అక్కను ఒక్కసారి చూడాలని చిన్నమ్మ పట్టుబట్టింది. రైల్లో అయితే చేరేసరికి ఆపరేషను అయిపోతుంది, అదీ అమ్మ ఎక్కితే. నేను విమానం మాట ఎత్తాను. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరం విమానం ఎక్కలేదు. పాసుండగా గాల్లో ఎగరడమేమిటని నాన్న నవ్వేవాడు.

అమ్మ ఒక్కటే అడిగింది.

"నడిమిట్ల ఏడన్న ఆగుతదా?"

"ఆగదమ్మా. ఈడ ఎక్కుడు, ఆడ దిగుడు. మధ్యల ఎవ్వరు దిగరు."

"అట్లయితే వస్త," అంది.

మధ్యాహ్నం విమానానికి టికెట్లు దొరికాయి. అమ్మ గంటలో పులిహోర కలిపింది. పెట్టెకు కట్టేందుకు మా రైలు గొలుసూ తాళంకప్పా కూడా సంచిలో వేసింది. పెట్టె మన దగ్గర ఉండదు, వాళ్లే తీసుకుపోతారంటే నమ్మలేదు. శంషాబాద్‌లో బెల్టు మీద పెట్టె లోపలికి వెళ్లిపోతుంటే, దాని వెనకే ఎవరన్నా పోరా అన్నట్టు నా ముఖం చూసింది. తనిఖీ దగ్గర నా సీసాలో నీళ్లు పారబోయించారు. లోపలికి వెళ్లాక పది అడుగుల దూరంలోనే నీళ్ల కుళాయి ఉంది. పట్టుకొస్తానని లేచాను. అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"నీళ్లొద్దు, ఏమొద్దు. నువ్వు జెర నా పక్కన్నే కూసో."

యాభై దాటిన మనిషిని, చొక్కా పట్టించుకుని అందరి ముందూ అలాగే కూర్చున్నాను. నాకు నవ్వు రాలేదు.

విమానంలో అమ్మది కిటికీ సీటు, నాది మధ్యది. అటు చివర ఒక అమ్మాయి, ఉద్యోగం చేసే పిల్లలా ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. నేను అమ్మకు బెల్టు పెట్టాను. తలుపులు మూశారు. కిందనుంచి ఏదో బండి నెట్టడంతో విమానం నెమ్మదిగా వెనక్కి కదిలింది. రైల్వే మనిషిని కాబట్టి ఇంజను వెనక్కి నెట్టినట్టే ఉందని సరదాపడ్డాను. అమ్మ వైపు చూసేసరికి సరదా పోయింది.

ఆమె కిటికీ అద్దానికి చెవి ఆనించి ఉంది.

"మీ నాయిన ఎక్కలేదు," అంది.

అమ్మ బెల్టు ఎలా విప్పిందో, విప్పేసి లేచింది. తల పైన సామాను అరకు తగిలింది. ఆ అర కింద అంతా చేత్తో తడుముతోంది.

"గొలుసేడుందిరా? గుంజు. ఈసారన్న గుంజు."

ఆ వెతుకులాటలో ఏదో మీట నొక్కుకుని టింగుమంది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోమని మర్యాదగా చెప్పింది. అమ్మ ఆ అమ్మాయి చేయి పట్టుకుని, బిడ్డా, గొలుసేడుంది, మా ఆయన కిందనే ఉన్నడు అంది. ఇంకో ఆమె వచ్చింది. ఈసారి ఇంగ్లీషులో, కాస్త గట్టిగా, ఈవిడ కూర్చోకపోతే కెప్టెన్‌కు చెప్పాల్సి వస్తుంది, మిమ్మల్ని దించేస్తారు అంది. దించితే ఆ రోజుకు ఇక సీట్లు లేవు. పొద్దున ఆపరేషను. చిన్నమ్మ ఎదురుచూస్తూనే లోపలికి వెళ్లిపోతుంది. అక్కడ గనక ఏమైనా అయితే అమ్మ ఇంక మనిషి కాదని నాకు అర్థమవుతూనే ఉంది. ఒకరి కోసం గొలుసు లాగలేదు, ఒకరి దగ్గరికి సమయానికి పోలేదు. రెండూ మోసే వయసు కాదు ఆమెది.

"ఎక్కిండమ్మా, నాయిన ఎక్కిండు, కూసో," అన్నాను.

అమ్మ నా కళ్లలోకి చూసింది. "నువ్వు ఇన్నవా?"

విన్నానని ఒక్క మాట అబద్ధం ఆడితే సరిపోయేది. నోరు రాలేదు.

అప్పుడు వినిపించింది. టక్ టక్. కాసేపాగి, టక్.

కిటికీ బయటినుంచి. గట్టిగా కాదు, మామూలుగా, రోజూ కొట్టినట్టు. అమ్మ రెండు చేతులూ పైనే ఉన్నాయి. నా చేతులు అమ్మ నడుం చుట్టూ ఉన్నాయి. కిటికీ వైపు మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. విమానం కదులుతూనే ఉంది.

అమ్మ చేతులు దించింది. ఏడవలేదు. ఎయిర్‌హోస్టెస్‌తో, "సారీ బిడ్డా, పరేషాన్ చేసిన," అని కూర్చుని, బెల్టు తనే పెట్టుకుంది. సంచిలోంచి పాత పత్రిక తీసి తెరిచింది.

పక్క సీటు అమ్మాయి ఇయర్‌ఫోను ఒకటి తీసి, కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"అంకుల్, బయట ఎవరైనా కొట్టారా?"

ఈ ఒక్క మాట లేకపోతే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదు. అమ్మకూ నాకూ ఆ చప్పుడు మనసులో ఉంది కాబట్టి వినపడిందని సర్దిచెప్పుకుని ఊరుకునేవాణ్ణి. ఆ పిల్లకు మా ఇంటి సంగతి ఏమీ తెలియదు. నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. బహుశా తలూపి ఉంటాను. ఆమె పేరైనా అడగలేదు, ఇప్పటికీ బాధపడతాను.

ఆ తర్వాత ప్రయాణమంతా హాయిగా జరిగింది. విమానం లేచినప్పుడు కడుపులో ఖాళీ అయినట్టయింది నాకే, అమ్మకు కాదు. కింద రైలు పట్టాలు కనపడితే నాకు వేలుపెట్టి చూపించింది. మబ్బుల పైకి వచ్చాక ఇక్కడ ఇంత ఎండుందా, వడియాలు పెట్టుకోవచ్చు అంది. పులిహోర ముగ్గురికి పెట్టింది, ఆ పిల్లకు కూడా. డబ్బా అడుగున ఇంకో ముద్ద మిగిల్చి మూత పెట్టింది. ఎవరికని నేను అడగలేదు.

సాయంత్రానికి ఆస్పత్రి చేరాం. అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో, నేను బయటే ఉన్నాను. ఆపరేషను బాగా జరిగింది. చిన్నమ్మ ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఫోను చేసి మా తలలు తింటోంది.

నేను ఊరుకోలేదు. ఇంటికి వచ్చాక మొదట అమ్మ బీరువా తీసి చూశాను. నాన్న ఇనుప ఉంగరం ఉన్నచోటే, కుంకుమ భరిణె పక్కన ఉంది. కాప్రాలో ఉండే ఒక పరిచయస్తుడు విమానాల మరమ్మతు పని చేస్తాడు. ఆయన్ను పట్టుకుని అన్నీ అడిగాను. కదిలే విమానం కిటికీ దాకా మనిషి చేయి అందదన్నాడు. కింద పంపులేవో చప్పుడు చేస్తాయి గానీ అవి రంపం కోసినట్టు ఉంటాయన్నాడు. కిటికీ లోపలి పలక ప్లాస్టిక్ లాంటిదని, అలాంటి ముక్క ఒకటి తెచ్చి, నేను వెంట తీసుకెళ్లిన నాన్న ఉంగరంతో కొట్టి వినిపించాడు. మొద్దుగా, డొల్లగా పలికింది.

నేను విన్నది అది కాదు. నేను విన్నది ఇనుము మీద ఇనుము. స్లీపరు బోగీ కిటికీ ఊచ. పాతికేళ్లు సుత్తి పట్టిన వాణ్ణి, దీంట్లో పొరపాటు పడను. విమానం కిటికీకి ఊచలుండవు. ఇంతకంటే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

తిరుగు ప్రయాణం సంగతి ఒకటి మిగిలింది. పది రోజుల తర్వాత మళ్లీ విమానంలోనే వచ్చాం. ఈసారి కిటికీ సీటు నేను అడిగి తీసుకున్నాను. తలుపులు మూశారు, విమానం వెనక్కి కదిలింది. నేను ఊపిరి బిగబట్టి అద్దానికి చెవి ఆనించాను. ఇంజన్ల రొద తప్ప ఏమీ లేదు. రన్‌వే దాకా అలాగే ఉన్నాను. మెడ పట్టేసింది.

అమ్మ నా భుజం తట్టింది. నవ్వుతోంది. మూడేళ్లయింది ఆమె అలా నవ్వి.

"ఏందిరా గట్ల ఇంటున్నవ్? ఎక్కినోడు మళ్ల ఎందుకు దిగుతడు?"