సుగుణ పెద్దమ్మ షీట్‌లో మొదటి కాలమ్

నిన్న పొద్దున ఏడింటికి స్వప్నక్క ఫోన్ చేసింది.

"అమ్మ పోయింది చెల్లె."

 

మొన్న పొద్దునే సుగుణ పెద్దమ్మ మానుకోట దవాఖాన నుంచి నాకు వాయిస్ నోట్ పంపింది. చిన్న ఆపరేషన్, బాగానే జరిగింది, రెండు రోజుల్లో ఇంటికి వస్తుందనుకున్నాం. నిన్న తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

డోర్నకల్‌లో మా గల్లీ వాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను. మా పక్కింటి పెద్దమ్మ. స్వప్నక్క వాళ్ల అమ్మ. ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు వేసుకుని ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుట్టింది. చెప్పిన తారీఖు ఏనాడూ తప్పలేదు.

మూడేళ్ల క్రితం, డిగ్రీ అయిపోయి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ వచ్చి మా అమ్మతో అంది:

"నీ బిడ్డ ఆ పుస్తకాలకు కావలి కాస్తున్నదా ఏంది? జర తోలు. నా పనంత ఫోన్ల ఎక్కియ్యాలె."

అప్పటిదాకా ఆమె పద్ధతి వేరు. కొలత జాకెట్‌కు ఒక చీటీ, చీర ముక్క కలిపి పిన్ను పెట్టేది. పెళ్లిళ్ల సీజన్‌లో చీటీలు ఊడిపోయేవి.

నేను ఇద్దరి ఫోన్లలోనూ తెరుచుకునేలా ఒక షీట్ తయారు చేశాను. పేరు, కొలతలు, జాకెట్ ఫొటో, ఇవ్వాల్సిన తారీఖు. కట్ చేస్తే పసుపు రంగు, కుట్టడం అయిపోతే ఆకుపచ్చ. తారీఖుకు రెండు రోజుల ముందు క్యాలెండర్ మోగుతుంది. పేర్లన్నీ ఇంటిపేరు మొదటి అక్షరంతో, వరుసగా, మా కాన్వెంట్ హాజరు పట్టీలా రాశాను. చాలా గర్వపడ్డాను.

పెద్దమ్మ చూసి, "మంచిగనే ఉన్నది గని, గీళ్లంత ఎవలే?" అంది.

నేను నవ్వాను. ఆ ప్రశ్నను పట్టించుకోవాల్సింది.

షీట్‌లో ఇద్దరు బి. సరితలు ఉన్నారు. ఒకామె రైల్వే గేటు దగ్గర ఉంటుంది, ఇంకొకామె గార్ల నుంచి వస్తుంది. గేటు సరితక్క పట్టు జాకెట్‌కు నేను గార్ల సరితక్క కొలతలు చదివాను. పెద్దమ్మ నన్ను నమ్మి కట్ చేసింది.

గేటు సరితక్కకు చేతులు దూరలేదు.

"పెద్దమ్మా, గిది నాకు కుట్టినవా, నా బిడ్డకు కుట్టినవా?"

నేను తలుపు వెనక ఉన్నాను. పెద్దమ్మ నా పేరు ఎత్తలేదు.

"నాదే తప్పు బిడ్డా. కండ్లు మసకైనయి. ఇంకింత గుడ్డ మిగిలింది, చేతులు మారుస్త. రేపు పొద్దుగాల వచ్చి తీస్కపో."

ఆమె వెళ్లాక, ఈ పని నా వల్ల కాదని ఏడ్చాను. పెద్దమ్మ మిషన్ ఆపి అంది:

"ఏడ్వకు. ఆధార్ కార్డు మీది పేరు నాకెందుకే? మనోళ్లను ఎట్ల పిలుస్తమో గట్ల రాయి. ఎవల్ని ఎట్ల పిలుస్తరో నాకు చెప్పుడు రాదు, నువ్వే పోయి అడుగు."

షీట్‌లో మొదటి కాలమ్ పేరు మారింది. 'ఎట్ల పిలుస్తం.'

గేటు సరిత. గార్ల సరిత. నవ్వుల టీచర్. చర్చి వెనక మేరమ్మ.

ఆ కాలమ్ నింపడానికి నేను గుమ్మంలోకి రావాల్సి వచ్చింది. మనుషులను ముఖం చూసి అడగాల్సి వచ్చింది. ఇప్పుడు అర్థమవుతోంది, ఆమెకు ఆ జవాబులన్నీ ముందే తెలుసు.

తర్వాత ఆమే ఫోన్‌తో మాట్లాడి షీట్‌లో రాయించుకోవడం నేర్చుకుంది. "చెప్పింది చెప్పినట్టు రాస్తది. నీకన్న నయం," అని నన్ను ఏడిపించేది.

మొన్నటి వాయిస్ నోట్ ఇది:

"బిడ్డా, గేటు సరిత బిడ్డ పెండ్లి జాకెట్లు మూడు మీ ఇంట్లకు తీస్కపో. హుక్సులే మిగిలినయి, నువ్వు కుట్టు. నాకేమన్న అయితె మా ఇంట్లకెల్లి వాళ్లు తీస్కపోలేరు, అడుగనూ లేరు. పెండ్లోళ్లు పరేషాన్ కావద్దు."

అట్లాంటి మాటలు వద్దని కోప్పడ్డాను. అయినా ఆమె మాట కాదనలేక ఆ సాయంత్రమే తెచ్చి, హుక్సులు కుట్టి పెట్టాను.

నిజమే. చావు జరిగిన ఇంటి నుంచి పెళ్లి బట్టలు ఎవరు తీసుకెళ్తారు?

ఈ రోజు పొద్దున క్యాలెండర్ మోగింది. 'గేటు సరిత. ఇంక రెండు దినాలే.'

ఫోన్లు చేయడం నాకు ఎప్పుడూ భయమే. చేశాను. సరితక్క వచ్చింది. కొత్తవి కొనడానికి బయలుదేరుతోందట. ఇవి ఆ ఇంట్లో లేవని, పెద్దమ్మే ముందుగా నా దగ్గర పెట్టించిందని చెప్పాను. సంచి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"నాకు చేతులు దూరని జాకెట్ యాదికున్నదా చెల్లె? కండ్లు మసకైనయన్నది. ఒక్కసారికే సూదిల దారం ఎక్కించే మనిషి! తలుపెనక నీ కాళ్లు నాకు కనబడనే కనబడ్డయి."

ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

ఆమె వెళ్లాక షీట్ తెరిచి 'ఇచ్చినం' అని టిక్ పెట్టాను. అప్పుడు చూశాను, అన్నిటికన్నా కింద ఒక వరుస ఉంది. నేను రాసింది కాదు.

ఎట్ల పిలుస్తం: మా పుస్తకాల పిల్ల.

ఏంది: డ్రెస్.

తారీఖు: నౌకరిల చేరే దినం.

పసుపు రంగు. అంటే కట్ చేసేసింది. నా కొలతలు ఎప్పుడు తీసుకుందో తెలియదు.

ఆ గుడ్డ ఎక్కడుందో స్వప్నక్కను ఇంకా అడగలేదు. అడుగుతాను. అడగడం నువ్వే నేర్పావు కదా.

పోయి రా పెద్దమ్మా. అక్కడ నిన్ను ఏ తారీఖూ తొందరపెట్టకూడదు. నీ ప్రాణం హాయిగా ఉండాలి.