దాణాలో ఉప్పు

డెబ్బైల మొదట్లో మా నాన్నకు బ్రాయిలర్ కోళ్ళ పిచ్చి పట్టింది. ఆయన మైలవరంలో బడిపంతులు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా గడప దాటి వచ్చేది కాదు. అలాంటి మనిషి ఊరి చివర మామిడితోటలో షెడ్డు వేయించి, బెజవాడ స్టేషన్లో దిగిన మూడు వందల కోడిపిల్లలను చిల్లులు పెట్టిన అట్టపెట్టెల్లో జీపు మీద తెచ్చాడు. "తినేవాళ్ళు తింటారు, మనం పెంచుతాం" అన్నాడు మా అమ్మతో. అమ్మ ఆయనను స్నానం చేయనిదే వంటింట్లోకి రానివ్వలేదు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న నాకు దాణా కలిపే పని పడింది.

నాన్న నమ్మకమంతా డబ్బాలో వచ్చే ఒక పసుపుపచ్చ పొడి మీద. అది పిల్లల పేగులను కాపాడుతుందట, తిన్నదంతా ఒంటబట్టేలా చేస్తుందట, జబ్బులను దరిచేరనివ్వదట. బడిలోని త్రాసు అడిగి తెచ్చి దాన్ని తూచేవాడు. ముందు గుప్పెడు తవుడులో కలిపి, ఆ తవుడును దాణా కుప్పలో పోసి, పారతో మూడుసార్లు తిరగేయాలి. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు ఓపిక ఉండేది కాదు. "నోట్సులో రాసుకున్నంత వేసెయ్యి. ఉప్పే కదే!"

రెండో వారంలో బందరు నుంచి దాణాలో కలిపే ఎండుచేపల పొడి కొత్త బస్తా వచ్చింది. నేను పైటచెంగు ముక్కుకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి కుప్పలో పోశాను. ఆపైన వేయడానికి ఉప్పు తీశాను.

ముందు నుంచీ మా తోటపని చేసే ఒకావిడ షెడ్డు పనీ చూసేది. క్రైస్తవురాలు. ఏటా గుణదల కొండకు వెళ్ళే రెండు రోజులు తప్ప నాగా పెట్టి ఎరగదు. ఆవిడ ఆ పొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

"ఇది ఉప్పుచేపండీ అమ్మాయిగారూ. ఒట్టిగా ఎండేసింది కాదు. మళ్ళీ ఉప్పెందుకండీ?"

నాకు ఒళ్ళు మండింది. డిగ్రీ చదివిన నాకు ఈవిడ చెప్పేదేమిటి? "నోట్సులో రాసి ఉంది, నీకేం తెలుసు?" అని ఉప్పంతా కుమ్మరించాను.

మర్నాటికి పిల్లలు నీళ్ళ గిన్నెల చుట్టూ మూగాయి. తాగి, పక్కకు వెళ్ళి, మళ్ళీ వచ్చి తాగాయి. గిన్నెలు ఎన్నిసార్లు నింపినా ఖాళీయే. కింద పరిచిన ఊక తడిసి పాచివాసన కొట్టింది. నాన్న మాత్రం మురిసిపోయాడు. "మందు పనిచేస్తోందే, చూడు!"

మూడో రోజు పొద్దున పదకొండు చచ్చిపడి ఉన్నాయి. నాలుగో రోజుకు లెక్కపెట్టడం మానేశాను. ఒకదాన్ని ఎత్తితే పొట్ట నీళ్ళతో బరువుగా ఊగింది. మిగిలినవి నోళ్ళు తెరుచుకుని నావైపే చూస్తున్నట్టు అనిపించి భయమేసింది.

అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చేప కలిసిన ఆ దాణాను నోట్లో పెట్టుకున్నాను. చేదుగా అనిపించేంత ఉప్పు. తోటలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి నాన్న ఆవిడను నిలబెట్టి అడుగుతున్నాడు.

"మీ ఇంట్లో నాటుకోళ్ళు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయండీ మేష్టారూ, నాలుగున్నాయి."

"అదీ సంగతి! వాటి తెగులు నీ కాళ్ళతో ఇక్కడికి వచ్చింది. లేకపోతే అంత మందు వేస్తుంటే చావడమేమిటి?" నావైపు తిరిగాడు. "నువ్వు అన్నీ సరిగ్గానే కలిపావుగా?"

నేను చెబుతానని ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఆగింది.

"సరిగ్గానే కలిపాను నాన్నా" అన్నాను.

ఆవిడ గంప తీసుకుని వెళ్ళిపోయింది. నేను పిరికిదాన్ని. ఆ మధ్యాహ్నం నాన్న బడిలో ఉండగా ఆ దాణానంతా గొయ్యి తీసి పూడ్చిపెట్టి, ఉప్పు లేకుండా కొత్తది కలిపాను. రెండు రోజుల్లో మిగిలిన పిల్లలు తేరుకున్నాయి.

నాన్న దాన్ని ఊరంతా చెప్పుకున్నాడు. ఆవిడ అలా వెళ్ళగానే చావులు ఇలా ఆగాయని, కళ్ళారా చూశానని చెప్పాడు. ఆ తర్వాత చుట్టుపక్కల షెడ్లు చాలానే లేచాయి. ఒక్కదాంట్లో కూడా ఆవిడను అడుగుపెట్టనివ్వలేదు.