జోథమ్ పెక్‌కు ఊరిచ్చిన పదవి

జోథమ్ పెక్ తోళ్ళు పదునుచేసే మనిషి. మోచేతుల దాకా గోధుమరంగు, ఒంటినిండా ఓక్ బెరడు వాసన. నలుగురిలో నోరు విప్పడు. అందుకే మా హార్‌వుడ్ ఊరివాళ్ళు ఏరికోరి ఆయన్ని బోస్టన్ పంపారు. వాగేవాణ్ణి పంపితే అక్కడి లాయర్లు మాటల్లో పడేస్తారు, ఈయన్నయితే ఎవడూ కదల్చలేడని వాళ్ళ ధీమా. మాట్లాడనివాడు వింటాడన్న సంగతి ఆ మహానుభావుల్లో ఒక్కడికీ తట్టలేదు.

1788 జనవరి అది. ఇంగ్లండు రాజుతో యుద్ధం ముగిసి నాలుగేళ్ళు దాటింది. పదమూడు రాష్ట్రాలనూ ఒక్క దేశంగా బిగించే రాజ్యాంగం ఒకటి రాశారు. అది కావాలో వద్దో ఒక్కో రాష్ట్రమూ సభ పెట్టి తేల్చాలి. మా రాష్ట్రం సభ బోస్టన్‌లో. కొండల్లోని మా ఊరు చర్చిలో కూడి, చేతులెత్తి, వద్దని తీర్మానించింది. ఆ తీర్మానం కాగితం మీద రాసి జోథమ్ జేబులో పెట్టారు. మా దగ్గర అలాంటి కాగితం పుచ్చుకోవడమంటే మాటిచ్చినట్టే.

బయల్దేరేటప్పుడు తమ్ముడు అసాహెల్ కుంటుకుంటూ వచ్చి గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. కిందటి చలికాలం పొలాల జప్తుల మీద రైతులు తిరగబడ్డప్పుడు అతనూ వెళ్ళాడు. బోస్టన్ సర్కారు సైన్యం పేల్చిన గుండు మోకాల్లో దిగింది.

“అన్నయ్యా, ఆ బోస్టన్ వాళ్ళ చేతికి ఇంకో తుపాకీ ఇచ్చి రాకు,” అన్నాడు.

జోథమ్ తలూపాడు.

బోస్టన్‌లో దాదాపు నెల్లాళ్ళు చలికి కొయ్యబారిపోతూ బల్లమీద కూచుని విన్నాడు. పెద్దవాళ్ళ చేతికే పెత్తనం పోతుందన్నారు కొందరు. నిజమే అనిపించింది. ఇది లేకపోతే ఏ రాష్ట్రం సైన్యం దానిదే, అడ్డుకునేవాడుండడన్నారు మరికొందరు. అదీ నిజమే అనిపించింది, దాంతోపాటే మంచులో పడున్న తమ్ముడు కళ్ళముందు మెదిలాడు. మళ్ళీ ఇరుగుపొరుగులే ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారన్న భయం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. జనం హక్కుల కోసం సవరణలు అడుగుదామని చివర్లో రాజీ కుదిరింది. పేరు పిలిచారు. జేబులో కాగితాన్ని పట్టుకుని లేచి, “కావాలి” అన్నాడు. పంతొమ్మిది ఓట్ల తేడాతో రాజ్యాంగం గట్టెక్కింది.

ఆయన ఇల్లు చేరేలోపే కబురు ఊరు చేరింది. తోళ్ళు తెచ్చేవాళ్ళు తేవడం మానేశారు. భార్య జెర్వయా పళ్ళెంలో బీన్స్ వడ్డించి, చర్చిలో తన పక్క బల్ల ఖాళీ అయిందని మాత్రం చెప్పింది. అసాహెల్ ఆ గుమ్మం తొక్కలేదు.

మార్చిలో ఊరిసభ జరిగింది, ఏడాది పదవులన్నీ ఆ రోజే పంచుతారు. అన్నిట్లోకీ చివరిది పందుల కాపు పదవి. చేలల్లో పడ్డ పందుల్ని తరిమి పట్టుకుని బందెలదొడ్డిలో తోలాలి. దాన్ని ఎప్పుడూ కొత్తగా పెళ్ళయిన కుర్రాళ్ళ నెత్తిన వేసి నవ్వుకుంటారు. ఆ ఏడు మిల్లు యజమాని ఎల్నాథన్ లేచి, ఊరి మాట కంచె దాటకుండా కాయడం బాగా తెలిసిన పెద్దమనిషి ఉన్నాడంటూ జోథమ్ పేరు చెప్పాడు. చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. జోథమ్‌కు నలభై ఏడేళ్ళు. తలకొట్టేసినట్టయింది పాపం.

చెప్పుకునేదేమైనా ఉందా అని సభాపతి అడిగాడు.

“మీకిచ్చిన మాట తప్పాను. అది తప్పే,” అన్నాడు జోథమ్. “మళ్ళీ పంపినా అదే చేస్తాను. అందుకే ఇంకెప్పుడూ నన్ను పంపకండి.”

నవ్వు ఆగిపోయింది. సభాపతి ఓటు అడిగాడు. ఒక్కొక్క చెయ్యే లేచింది. జోథమ్ ఎవరినీ చూడలేదు, తమ్ముడి బల్లవైపే చూశాడు. ఊరంతా ఏమనుకున్నా ఆయన ఓర్చుకోగలడు, అసాహెల్ ఒక్కడు అర్థం చేసుకుంటే చాలనుకున్నాడు. కాసేపటికి అసాహెల్ చెయ్యి కూడా లేచింది. అప్పుడు జోథమ్ తన చెయ్యి తనే ఎత్తాడు. ఈసారి ఊరితోనే ఓటేశాడు.

ప్రమాణం చేసి బయటికొచ్చాక, మెట్ల దగ్గర తమ్ముణ్ణి పట్టుకున్నాడు.

“బోస్టన్‌లో నీకోసమేరా వేశాను. నీ మోకాలే గుర్తొచ్చింది.”

“తెలుసన్నయ్యా,” అన్నాడు అసాహెల్. “నా కాలు తలుచుకున్నావు. నా మాట ఒక్కటే మర్చిపోయావు.”

అసాహెల్ కర్ర ఊనుకుంటూ బురదలో దిగాడు. అన్న చెయ్యందించినా పట్టుకోలేదు.